లెప్టిన్ ఎక్కువ, అడిపోనెక్టిన్ తక్కువ అని రిపోర్టు వచ్చింది: నా పీసీఓఎస్‌కి కొవ్వు హార్మోన్లే కారణమా?

ప్రశ్న ఒడిశాలోని రాయగడ నుంచి, ఒక అమ్మాయి దగ్గర్నుంచి వచ్చింది. వయసు 24, ఎత్తు 155 సెంటీమీటర్లు, బరువు 66 కిలోలు. నెలసరి యాభై, అరవై రోజులకోసారి వస్తోంది, గడ్డం కింద వెంట్రుకలు మొదలయ్యాయి, స్కాన్ చేసి పీసీఓఎస్ (నెలసరి క్రమం తప్పి, మగ హార్మోన్లు పెరిగే అండాశయాల జబ్బు) అన్నారు. ఆ తర్వాత తనంతట తానే ఆన్‌లైన్‌లో ఒక హార్మోన్ ప్యాకేజీ చేయించుకుంటే లెప్టిన్ 34, అడిపోనెక్టిన్ 4 అని వచ్చిందట. అడిగినవి మూడు. కొవ్వు హార్మోన్లు పాడవడం వల్లే నాకిది వచ్చిందా? అడిపోనెక్టిన్ పెంచే మందు ఉందా? పుల్లలా ఉండే మా పిన్ని కూతురికి కూడా పీసీఓఎస్ ఎలా వచ్చింది?

నేను గైనకాలజిస్టుని. బరంపురంలో ఇరవై ఏళ్ల పైనుంచి ప్రాక్టీసు చేస్తున్నాను, నెలకు రెండు ఆదివారాలు పర్లాకిమిడిలో కూర్చుంటాను. ముందు జవాబు చెప్పేస్తాను, కారణాలు తర్వాత తీరిగ్గా చదువుకోండి.

కొవ్వు హార్మోన్లకు, అంటే కొవ్వు కణాలు రక్తంలోకి వదిలే లెప్టిన్, అడిపోనెక్టిన్ లాంటివాటికి, ఈ జబ్బులో చెయ్యి ఉంది. కానీ మొదలుపెట్టింది అవే అని చెప్పలేం. ఆ రెండు అంకెలు చూసి మీ వైద్యంలో మార్చాల్సింది ఏమీ లేదు. అడిపోనెక్టిన్ పెంచుకోవడానికని ఏ మాత్రా, ఏ పొడీ కొనొద్దు. ప్యాకేజీకి పెట్టిన డబ్బులు ఎలాగూ పోయాయి. అదే డబ్బుతో చేయించుకోవాల్సిన అసలు పరీక్ష ఒకటి ఉంది, దాని దగ్గరికి వస్తాను.

ఒంట్లో కొవ్వు అంటే మిగిలిన తిండిని దాచిపెట్టే గాదె అనే చాలాకాలం అనుకున్నారు, మేం చదువుకున్న పాత పుస్తకాల్లోనూ దాదాపు అంతే ఉండేది. 1994లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెలర్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం లెప్టిన్ జన్యువును పట్టుకున్నాక ఆ అభిప్రాయం మారింది. గ్రీకులో లెప్టోస్ అంటే సన్నం, పేరు అందులోంచి వచ్చింది. కొవ్వు కణాలు ఈ హార్మోనును రక్తంలోకి వదిలి, "నిల్వ సరిపడా ఉంది, ఇక తినక్కర్లేదు" అని మెదడుకి కబురు పంపుతాయి. ఇంకేం, లెప్టిన్ ఇంజెక్షన్ ఇస్తే అందరూ సన్నబడతారని ఆశపడ్డారు. తీరా చూస్తే లావుగా ఉన్నవాళ్లలో లెప్టిన్ ముందే దండిగా ఉంది, మెదడే దాని మాట వినడం మానేసింది. మా బరంపురంలో రెండేళ్లకోసారి బుఢీ ఠాకురాణి యాత్ర జరుగుతుంది. ఆ రోజుల్లో మైకుల హోరు మధ్య వంటింట్లోంచి ఎవరు పిలిచినా వినబడదు. లెప్టిన్ పరిస్థితి కూడా అలాంటిదే.

కాబట్టి మీ లెప్టిన్ 34 చెప్పేదేమిటంటే, ఒంట్లో కొవ్వు కాస్త ఎక్కువ ఉందని. ఆడవాళ్లలో ఇది మగవాళ్లకంటే సహజంగానే ఎక్కువ. పీసీఓఎస్ ఉన్నవాళ్లనీ లేనివాళ్లనీ ఒకే బరువున్నవాళ్లను తీసుకుని పోల్చినప్పుడు లెప్టిన్ తేడా చాలావరకు మాయమవుతుంది. రైల్వే స్టేషన్లో బరువు చూసే మిషన్ కొన్ని రూపాయలకే చెప్పే సంగతిని ఆ ప్యాకేజీ వేల రూపాయలు తీసుకుని చెప్పింది.

అడిపోనెక్టిన్ కథ వేరు, నాకు ఇదే ఎక్కువ ఆసక్తి. దీన్ని ప్రధానంగా కొవ్వు కణాలే తయారుచేస్తాయి, కానీ కొవ్వు పెరిగేకొద్దీ, ముఖ్యంగా పొట్ట లోపల పేగుల చుట్టూ పేరుకునేకొద్దీ, ఇది తగ్గుతుంది. లెప్టిన్‌ను నానోగ్రాముల్లో కొలిస్తే దీన్ని మైక్రోగ్రాముల్లో కొలుస్తారు, అంటే రక్తంలో దీని మోతాదు అంత పెద్దది. కాలేయం అనవసరంగా చక్కెర తయారుచేయకుండా, కండరాలు కొవ్వును సరిగ్గా ఖర్చుపెట్టేలా ఇది చూసుకుంటుంది. ఒక్క మాటలో, ఇన్సులిన్ పని తేలిక చేస్తుంది. ఒకే బరువున్నవాళ్లను పోల్చినా, పీసీఓఎస్ ఉన్నవాళ్లలో ఇది సగటున కొంచెం తక్కువే ఉంటుందని చాలా అధ్యయనాల్లో కనబడింది. అంటే మొత్తం నెపం బరువు మీదే వేయలేం.

అయినా సగటు సగటే. ఏ జబ్బూ లేని అమ్మాయికి 4 ఉండొచ్చు, పీసీఓఎస్ ఉన్న అమ్మాయికి 9 ఉండొచ్చు. ఇంతకంటే తక్కువైతే జబ్బు అని తేల్చే గీత ఇప్పటికీ లేదు. అందుకే పీసీఓఎస్ నిర్ధారణ నియమాల్లో ఈ పరీక్షకు చోటు లేదు.

ఇక ఇది అండాశయం దాకా ఎలా పోతుందంటే, అడిపోనెక్టిన్ తగ్గి ఇన్సులిన్ సరిగ్గా పనిచేయనప్పుడు ఒళ్లు ఇంకా ఎక్కువ ఇన్సులిన్ తయారుచేస్తుంది. కండరాలు ఇన్సులిన్ మాట విననంత మాత్రాన అండాశయం వినడం మానదు. మగ హార్మోన్లు తయారుచేసే కణాలను ఇన్సులిన్ అక్కడ ఇంకా తొందరపెడుతుంది. అదే సమయంలో టెస్టోస్టెరాన్‌ను రక్తంలో పట్టి ఉంచే ప్రొటీన్‌ను కాలేయం తక్కువగా వదులుతుంది. దాంతో విడిగా తిరిగే టెస్టోస్టెరాన్ పెరుగుతుంది. ఫలితంగా మొటిమలు, గడ్డం కింద వెంట్రుకలు, అండం సరిగ్గా ఎదగకపోవడం. ఆ టెస్టోస్టెరాన్ మళ్లీ పొట్ట చుట్టూ కొవ్వు చేరేలా చేస్తుంది, అడిపోనెక్టిన్‌ను ఇంకా తగ్గిస్తుంది. గానుగెద్దు తిరుగుడు లాంటిది, ఎక్కడ మొదలైందో చెప్పలేం. కొందరికి పుట్టుకతో వచ్చిన జన్యువుల దగ్గర మొదలవుతుంది, కొందరికి బరువు దగ్గర. మీకు ఎక్కడ మొదలైందో ఏ ల్యాబూ చెప్పలేదు. ఎక్కడో ఒకచోట ఆపగలిగితే మిగతాదీ నెమ్మదిస్తుంది, అది మాత్రం మన చేతిలో ఉంది.

మీ ప్యాకేజీలో రెసిస్టిన్ అనే ఇంకో హార్మోన్ కూడా ఉండే ఉంటుంది. 2001లో ఎలుకల్లో కనిపెట్టినప్పుడు పెద్ద సంచలనం. ఎలుకల్లో అది కొవ్వు కణాల నుంచి వస్తే, మనుషుల్లో ఎక్కువగా రోగనిరోధక కణాల నుంచి వస్తుంది. మీ విషయంలో దాన్ని పక్కన పెట్టేయండి.

పిన్ని కూతురి సంగతి. నాకు నచ్చిన ప్రశ్న ఇది. 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఒక ఫోటో వచ్చింది. పుణె డాక్టర్ యాజ్ఞిక్, లండన్ డాక్టర్ యుడ్కిన్ పక్కపక్కన నిలబడి ఉంటారు. ఇద్దరి బీఎంఐ (ఎత్తుకు ఎంత బరువో చెప్పే లెక్క) ఒక్కటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, మన యాజ్ఞిక్‌కు 21.2 శాతం. చూడటానికి సన్నం, లోపల కొవ్వు, అదే మన ఒంటి తీరు. అందుకే మనకు బీఎంఐ 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం అని లెక్క వేస్తారు, తెల్లవాళ్ల 25, 30 మనకు పనికిరావు. ఆ లెక్కన మీది 27.5.

గుణుపూర్ నుంచి ఒక టీచరమ్మ వచ్చేది. 49 కిలోలు. "నేను లావు కాదు కదా డాక్టరుగారూ, నాకెందుకు వచ్చింది?" అని ప్రతిసారీ అడిగేది. ఒకరోజు టేపు తీశాను, టైలర్లు వాడే మామూలు పసుపు టేపే. అడుగు పక్కటెముకకూ తుంటి ఎముకకూ సరిగ్గా మధ్యలో పెట్టి, ఊపిరి వదలమని, వదిలాక చూస్తే 83 సెంటీమీటర్లు. ఆడవాళ్లకు మన దేశంలో గీత 80. చీర కుచ్చిళ్ల కింద అన్నేళ్లుగా దాక్కున్న పొట్ట అది. మెడ వెనక నల్లటి చార కూడా ఉంది. మురికి అనుకుని రోజూ సున్నిపిండితో, అదీ చాలక గిన్నెలు తోమే పీచుతో రుద్దుకునేదట, అక్కడక్కడ చర్మం లేచిపోయి ఉంది. ఆ నలుపు మురికి కాదు, చాలాసార్లు ఒంట్లో ఇన్సులిన్ ఎక్కువై తిరుగుతోందన్న గుర్తు. రుద్దితే పోదు.

కొవ్వు ఎంత ఉందన్నది ఒక సంగతి, ఎక్కడ ఉందన్నది అంతకంటే పెద్ద సంగతి. చర్మం కింద, తొడల్లో, తుంటి దగ్గర ఉండే కొవ్వు గాదెలో ధాన్యం లాంటిది, పెద్దగా హాని చేయదు. గాదె నిండిపోయాకే వసారాలో, పడకగదిలో బస్తాలు పేర్చుకుంటాం. అలాగే కొవ్వు కాలేయంలోకి, కండరాల్లోకి చేరుతుంది, గొడవ అక్కడ. కొందరికి గాదె పుట్టుకతోనే చిన్నది. అరుదుగా, చర్మం కింద కొవ్వే లేకుండా పుట్టినవాళ్లు ఉంటారు. వాళ్లలో లెప్టిన్, అడిపోనెక్టిన్ రెండూ బాగా తక్కువ, చక్కెర జబ్బు తీవ్రంగా ఉంటుంది, ఆడపిల్లల్లో చాలామందికి పీసీఓఎస్ లక్షణాలూ వస్తాయి. లెప్టిన్ ఇంజెక్షన్ నిజంగా పనికొచ్చేది ముఖ్యంగా అలాంటివాళ్లకూ, పుట్టుకతోనే లెప్టిన్ తయారుకానివాళ్లకూ. కొవ్వు ఎక్కువైతేనే పీసీఓఎస్ అనే మాట ఎంత సగం నిజమో దీన్నిబట్టి చూడండి. అందరు సన్నవాళ్లకూ దాగిన పొట్ట ఉంటుందనీ అనను. కొందరికి ఇన్సులిన్ బాగానే పనిచేస్తూ ఉంటుంది, అయినా పీసీఓఎస్ ఉంటుంది.

ఇక్కడ నా పొరపాటు ఒకటి చెప్పాలి. కొన్నేళ్ల క్రితం కాలేజీ అమ్మాయి ఒకామె వచ్చింది. ఐదు నెలలుగా డేట్ రాలేదు, స్కాన్‌లో చిన్న చిన్న నీటి బుడగలు, కింద పీసీఓడీ (పీసీఓఎస్‌నే అలా కూడా రాస్తారు) అని రాసి ఉంది. రోజూ డజను మందిని చూస్తాం కదా, నేనూ అదే రాసి బరువు తగ్గమన్నాను. రెండు నెలల తర్వాత ఇంకా చిక్కి వచ్చింది. అప్పుడు వాళ్లమ్మని అడిగితే తెలిసింది, ముందునుంచే రాత్రి భోజనం మానేసిందట, పొద్దున్నా సాయంత్రం పరుగులట, ఆరు నెలల్లో పదకొండు కిలోలు తగ్గిందట. నా మాట విని ఇంకాస్త మానేసింది. మొటిమల్లేవు, వెంట్రుకల్లేవు, మగ హార్మోన్లు మామూలే. అది పీసీఓఎస్ కాదు. కొవ్వు మరీ తగ్గితే లెప్టిన్ పడిపోతుంది, "నిల్వ లేదు, ఇప్పుడు గర్భం మోసే స్థోమత లేదు" అని మెదడు నెలసరినే ఆపేస్తుంది. అలాంటివాళ్ల స్కాన్‌లో కూడా అండాశయం అచ్చం పీసీఓఎస్‌లా కనబడొచ్చు. ఆమెకు కావల్సింది తిండి. పరుగు తగ్గించి, రాత్రి భోజనం మళ్లీ మొదలుపెట్టి, నాలుగు కిలోలు పెరిగాక నెలసరి దానంతటదే వచ్చింది. అప్పటినుంచి సన్నటి అమ్మాయి వస్తే స్కాన్ చూసే ముందు "నిన్న ఏం తిన్నావు?" అని అడుగుతాను.

అందుకే స్కాన్ ఒక్కదాన్ని పట్టుకుని పీసీఓఎస్ అనకూడదు. 2003లో రాటర్‌డామ్‌లో ఒప్పుకున్న పద్ధతి ప్రకారం మూడింట్లో రెండు ఉండాలి: నెలసరి క్రమం తప్పడం, మగ హార్మోన్లు పెరగడం లేదా దాని లక్షణాలు, స్కాన్‌లో ఆ రూపం. అదీ థైరాయిడ్, ప్రొలాక్టిన్ (పాల హార్మోన్) తేడాల వంటి వేరే కారణాలు లేవని చూశాకే. 2023 అంతర్జాతీయ మార్గదర్శకాలు పెద్దవాళ్లలో స్కాన్ బదులు ఏఎంహెచ్ (అండాశయం వదిలే ఒక హార్మోన్) రక్త పరీక్ష వాడొచ్చన్నాయి, టీనేజీ పిల్లల్లో వద్దన్నాయి. రజస్వల అయిన ఎనిమిదేళ్ల లోపు స్కాన్‌ను నమ్ముకోకూడదు. మీకు మొదటి రెండు లక్షణాలూ ఉన్నాయి, ఆ వేరే కారణాలు లేవని తేలితే స్కాన్ లేకపోయినా నిర్ధారణ నిలబడుతుంది.

ఇప్పుడు ఆ అసలు పరీక్ష. 75 గ్రాముల గ్లూకోజు తాగించి రెండు గంటల తర్వాత చూసే షుగర్. 140 లోపు ఉంటే మంచిది, 140 నుంచి 199 వరకు హెచ్చరిక, 200 నుంచి మధుమేహం. "హెచ్‌బీఏ1సీ ఉంది కదా, ఇది ఎందుకు?" అంటారు. మన రాయగడ, కోరాపుట్, గజపతి జిల్లాల వాళ్లకు ప్రత్యేకంగా చెబుతున్నాను, ఇక్కడ సికిల్ సెల్ (ఎర్రకణాలు కొడవలి ఆకారంలోకి మారే వంశపారంపర్య జబ్బు) ఉన్న కుటుంబాలు చాలా. ఆ జబ్బులో ఎర్రకణాలు త్వరగా రాలిపోతాయి, కాబట్టి మూడు నెలల షుగర్ సగటు చూపాల్సిన హెచ్‌బీఏ1సీ తప్పుగా తక్కువ వస్తుంది. ఐరన్ తక్కువై రక్తహీనత ఉంటే కాస్త ఎక్కువ వైపు తప్పు రావొచ్చు. చిన్నప్పటినుంచీ ఒళ్లు నొప్పులంటూ తిరిగిన ఒకమ్మాయికి హెచ్‌బీఏ1సీ 4.7 ఉంది, ఇంట్లోవాళ్లు సంతోషపడిపోయారు. గ్లూకోజు తాగించి చూస్తే రెండు గంటలకు 172. అనుమానం వచ్చి పరీక్ష చేయిస్తే సికిల్ సెల్ జబ్బు బయటపడింది. అలాంటివాళ్లకు రక్తం గడ్డకట్టే ప్రమాదం ఎక్కువ, నెలసరి కోసం ఇచ్చే మామూలు ఈస్ట్రోజెన్ మాత్రలు కూడా ఆచితూచి ఆలోచించాల్సిందే. మీ ఇంట్లో ఎవరికైనా సికిల్ ఉందని తెలిస్తే డాక్టరుకు ముందే చెప్పండి.

దీంతోపాటు బీపీ, కొలెస్ట్రాల్, నడుము కొలత. రక్తంలో ఇన్సులిన్ ఎంతుందో కొలిచే పరీక్ష మామూలుగా అక్కర్లేదు.

కొవ్వు చేసే ఇంకో పని మీద మీరు అడగలేదు గానీ నాకు భయం దాని గురించే. కొవ్వు కణాల్లో ఒక ఎంజైమ్ మగ హార్మోన్లను ఈస్ట్రోజెన్‌గా మారుస్తుంది. అండం విడుదల కాని నెలల్లో దానికి అడ్డుకట్ట వేసే ప్రొజెస్టెరాన్ ఉండదు. గర్భాశయం లోపలి పొర అలా పెరుగుతూనే పోతుంది, ఏళ్ల తరబడి వదిలేస్తే క్యాన్సర్ దాకా వెళ్లే ప్రమాదం ఉంది. నెలసరి 90 రోజులు దాటితే ఊరుకోకండి. గర్భం లేదని చూసుకుని, డాక్టరు చెప్పిన మాత్రలతో తెప్పించుకోండి. ఒడిశాలో రజ పండుగకు భూదేవికే నెలసరి అని మూడు రోజులు దుక్కి దున్నకుండా, ఆడపిల్లలను ఉయ్యాల ఊపుతారు. అదే ఊళ్లలో కూతురికి ఆరు నెలలుగా రాలేదన్న సంగతి పెళ్లిచూపుల ముందు దాకా ఎవరికీ చెప్పరు.

మందుల విషయం. పయోగ్లిటజోన్ అనే షుగర్ మాత్ర అడిపోనెక్టిన్‌ను బాగా పెంచుతుంది, ఇది నిజం. ఎవరైనా మెడికల్ షాపులో చెప్పి ఇచ్చినా తీసుకోవద్దు. అది బరువు పెంచుతుంది, ఒంట్లో నీరు చేరుస్తుంది, గర్భం రావాలనుకునే వయసులో అసలే వద్దు. అంకె బాగుపడి మనిషి లావెక్కడం దేనికి? ఇంకో షుగర్ మందు, మెట్‌ఫార్మిన్, మాత్రం మీలాంటి వారికి పనికొస్తుంది. రాత్రి భోజనంతో 500 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతాం. మొదటి రెండు వారాలు కడుపు తిప్పడం, విరేచనాలు మామూలే, చాలామంది మూడో రోజే మానేస్తారు, కాస్త ఓర్చుకోండి. ఏళ్ల తరబడి వాడితే బి12 చూపించుకోవాలి. వెంట్రుకలకీ క్రమం తప్పిన నెలసరికీ గర్భనిరోధక మాత్రలే మొదటి మందు, బీపీ, మైగ్రేన్, రక్తం గడ్డకట్టిన చరిత్ర చూశాకే. పీసీఓఎస్‌కని అమ్మే ఇనోసిటాల్ పొడి పెద్ద హాని చేయదు, పెద్ద రుజువూ లేదు, డబ్బు ఉంటే మీ ఇష్టం. బరువు తగ్గించే కొత్త ఇంజెక్షన్లు కొందరికి బాగా పనిచేస్తున్నాయి, కానీ వాడుతున్నన్నాళ్లూ గర్భం రాకూడదు, వాటిలో సెమాగ్లుటైడ్ అయితే గర్భానికి ప్రయత్నించడానికి రెండు నెలల ముందే ఆపాలి. రేపు పిల్లలు కావాలనుకున్నప్పుడు అండం విడుదలకు లెట్రోజోల్ ఉంది, దాని గురించి ఇప్పుడే టెన్షన్ వద్దు. ఇంకోటి, నెలసరి సరిగ్గా రాకపోయినంత మాత్రాన గర్భం రాదని ధీమా పెట్టుకోకండి.

అడిపోనెక్టిన్ నిజంగా, ప్రమాదం లేకుండా పెరిగేది పొట్ట తగ్గినప్పుడు. మొత్తం బరువులో 5 శాతం తగ్గినా చాలామందికి నెలసరి దారిలో పడుతుంది. మీకు అది సుమారు మూడుంపావు కిలోలు. ఇరవై కిలోలు తగ్గమని ఎవరైనా భయపెడితే పట్టించుకోకండి.

తిండి గురించి పెద్ద ఉపన్యాసం ఇవ్వను. పఖాళ (నీళ్లు పోసి నానబెట్టిన చద్దన్నం) మంచిదా చెడ్డదా అని రోజూ అడుగుతారు. పఖాళలో దోషం లేదు, అది పెద్ద కంచు గిన్నె నిండా ఉండటంలో ఉంది. పక్కన ఒక ఆలుగడ్డ వేపుడు ముక్క తప్ప ఇంకేం ఉండదు. అన్నం సగం చేసి, పప్పో గుడ్డో చేపో, ఒక ఆకుకూరో ఆ ఖాళీలోకి రానివ్వండి. సాయంత్రం టీతో ముడి (మరమరాలు), మిక్చరు తినేవాళ్లు దాన్ని తిండి కిందే లెక్క వేయరు. మరమరాలు గాలిలా తేలికగా ఉంటాయి గానీ చక్కెరగా మారడంలో తెల్లన్నానికి తీసిపోవు. వేయించిన సెనగలు మేలు. వారానికి 150 నిమిషాలు చెమట పట్టేంత నడక, రెండు రోజులు బరువులెత్తే కసరత్తు. జిమ్ లేకపోతే ఐదు లీటర్ల నీళ్ల డబ్బా పట్టుకుని గుంజీళ్లు తీయండి. కండరం ఎంత పనిచేస్తే ఇన్సులిన్ అంత తక్కువ సరిపోతుంది, బరువు ముల్లు కదలకపోయినా ఈ లాభం ఉంటుంది.

మూడు నెలల తర్వాత లెప్టిన్, అడిపోనెక్టిన్ మళ్లీ చేయించాలా అని అడుగుతారేమో, వద్దు. కేలండర్ మీద డేట్లు రాసుకోండి, నెలకోసారి పొద్దున పరగడుపున టేపుతో నడుము కొలుచుకోండి. రెండు గంటల షుగర్ రిపోర్టు వచ్చాక ఇక్కడే రాస్తే చూసి చెబుతాను. మీ పిన్ని కూతురి నడుము కొలతా, ఆమె నిన్న ఏం తిన్నదో, ఆ రెండూ కూడా రాయండి.